ఏనుగులకు రికార్డు చేసిన క్యాసెట్

మొన్న ఒక ఇంజనీరింగు కుర్రాడు సెల్లుకు రీచార్జి వేయించుకోవడానికి మదనపల్లెలో మా అంగడికి వచ్చాడు. నల్ల టీషర్టు, దాని మీద పుర్రె బొమ్మ. నా వెనక అలమరలో ఇంకా పారేయకుండా ఉంచుకున్న పాత క్యాసెట్లు చూసి కళ్లు పెద్దవి చేశాడు.

"అన్నా, హెవీ మెటల్ మ్యూజిక్ మీ టైములోనే బాగా ఆడేదంట గదా? ఇప్పుడు వినేవాళ్లే లేరు," అన్నాడు.

"మదనపల్లె మొత్తానికి పదకొండు మంది వినేవాళ్లు. అందరికీ నేనే రికార్డు చేసిచ్చేవాణ్ణి," అన్నాను.

పాపం, వాడి ముఖం చిన్నబోయింది. వాడు ఊహించుకున్న వైభవం అంతా పదకొండు మందితో సరిపోయింది మరి. కానీ నేను వాడికి చెప్పింది సగమే. పన్నెండో మనిషి ఒకరున్నారు. అదీకాక 1999 కార్తీక మాసంలో కుప్పం అవతల ఒక ఊళ్లో అరవై ఇళ్లవాళ్లు, చంటిపిల్లలతో సహా, మూడు వారాల పాటు రోజూ సాయంత్రం హెవీ మెటల్ విన్నారు. బెంగుళూరులో కూడా ఏ వీధిలోనూ అంతమంది విని ఉండరు. అదంతా చెప్పాలంటే రీచార్జి వేసేంత సేపు చాలదు.

అప్పుడు ఇది భాను రికార్డింగ్ సెంటర్. అంటే నాదే, నా పేరు భానుప్రకాశ్. ఖాళీ క్యాసెట్టూ, కావలసిన పాటల పేర్లు రాసిన చీటీ తెచ్చిస్తే వారంలో రికార్డు చేసి ఇచ్చేవాణ్ణి. సినిమా పాటలతో అంగడి నడిచేది. మెటల్‌తో నేను నడిచేవాణ్ణి. నెలకొకసారి బెంగుళూరు వెళ్లి ఫుట్‌పాత్ మీద వెతికి, కొమ్ములూ మంటలూ ఉన్న అట్టల క్యాసెట్లు తెచ్చుకునేవాణ్ణి. వాయించేవాళ్ల వేళ్లు అంత వేగంగా ఎలా తిరుగుతాయో అర్థంకాక, ఒక్కో పాట యాభైసార్లు వినేవాణ్ణి.

ఆ కార్తీకంలో ఒక మధ్యాహ్నం మా అక్క కుసుమ అంగడికి వచ్చింది. తనను కుప్పం దగ్గర అడవి అంచున ఉన్న ఊరికి ఇచ్చారు. బావ లింగప్పకు రెండెకరాల రాగి చేను, నాలుగు ఆవులు. అక్క సంచిలోంచి కొత్త తాళం తీసి కౌంటరు మీద పెట్టింది. అరచెయ్యంత ఇత్తడి తాళం.

"తాళం యాలక్కా?"

"ఇంటికి. మా ఇంటికి ఇంతవరకూ తాళం పన్లేదు గదా, ఎవురో ఒకరు ఉంటానే ఉంటిమి. రెండేండ్లుగా రాగులు ఏనుగుల నోట్లోకే పోతాండాయి. ఈతూరి గూడా పోతే ఆవులమ్మేసి బెంగుళూరు పోతాము. మీ బావ ఆడ కట్టుబడి పనికి మేస్త్రీతో మాట్లాడేసినాడు."

గట్టిగా ఏడ్చి ఉంటే ఏదో ఒకటి చెప్పి ఓదార్చేవాణ్ణి. అక్క ఏడవలేదు. తాళంచెవిని పెట్టి తిప్పి, సరిగ్గా పడుతోందో లేదో చూసుకుంటూ కూర్చుంది. 

"టపాకాయలు కాల్చలేదా?"

"కాల్చినాము. డబ్బాలు కొట్టినాము. అన్నిటికీ అలవాటు పడిపొయినాయి." అని ఉన్నట్టుండి తల తిప్పింది. "ఏందిరా ఆ సద్దు? లోపల ఎవుర్నన్నా కొడతాండారా?"

లోపల మిషన్లో నా పదకొండు మందిలో ఒకరి క్యాసెట్టు రికార్డవుతోంది. "పాటక్కా," అన్నాను.

"పాటా!"

లోపలికి వెళ్లి స్పీకరు ముందు నిలబడింది. చేతులు కట్టుకుని, పెళ్లిచూపుల్లో పిల్లను చూసినంత శ్రద్ధగా పాట మొత్తం వినింది. తర్వాత నా వైపు తిరిగింది.

"రేయ్ భానూ, దీనికి మనిసే నిలవలేడే, ఏనుగు నిలస్తాదా?"

నాకు చర్రున కోపం వచ్చింది. "అక్కా, ఆ గిటారు వాయించేవాడు ఎంత గొప్పోడో నీకు తెలుసా?"

"గొప్పోడే గావచ్చు. నాకు ఆయప్ప మా రాగి చేలో కావాల."

ఆ రాత్రే అరవై నిమిషాల క్యాసెట్టు తీసుకుని కూర్చున్నాను. ఏనుగుల కోసమే కదా అని ఏది పడితే అది ఎక్కించలేదు. అన్నిటికన్నా గట్టివి, డప్పుతో మొదలయ్యేవి, మధ్యలో మెత్తబడనివి ఏరి వరుసగా పేర్చాను. మొదటి వైపు చివర నాలుగు నిమిషాల టేపు మిగిలిపోయింది. రికార్డింగ్ అంగడివాడికి ఖాళీ టేపు పెద్ద అప్రదిష్ట. ఉత్త టేపు గరగరమంటూ తిరిగితే కస్టమరు మోసపోయానంటాడు. అందుకే అట్లా మిగిలిన చోట పట్టే చిన్న చిన్న బిట్లు ఎప్పుడూ దగ్గర పెట్టుకునేవాణ్ణి. ఆ నాలుగు నిమిషాల్లో నాకెంతో ఇష్టమైన బిట్టు ఒకటి ఎక్కించాను. డప్పులుండవు, అరుపులుండవు, ఒక్క గిటారు మాత్రం మెల్లగా మోగుతుంది. ఏనుగులకైనా సరే, నా అంగట్లోంచి ఖాళీ టేపు పోకూడదనుకున్నాను. అట్ట మీద పాటల నంబర్లు కూడా శుభ్రంగా వేశాను.

మైకుసెట్టు పుంగనూరులో మునిస్వామి దగ్గర తీసుకున్నాను. ఆయన పెళ్లిళ్లకూ గుళ్లకూ సెట్టు బాడుగకిచ్చే మనిషి.

"పెండ్లికా, సమర్తకా?" అన్నాడు.

"ఏనుగులకు."

"ఓహో. పెండ్లికొడుకు ఏ అడివోడు?"

విషయమంతా చెప్పాక నవ్వు ఆపి, తనే పెద్ద హారన్ను ఎంచి, బ్యాటరీ నిండా ఛార్జి పెట్టి ఇచ్చాడు. "ధనుర్మాసం ముట్టేలోపల నా సెట్టు నాకు రావాల. గుడికి మాటిచ్చినా. అంతలోపల కోత కోసుకోమను మీ అక్కను," అన్నాడు.

పలమనేరు మీదుగా రెండు బస్సులు మారి, హారన్ను ఒళ్లో పెట్టుకుని ఊరు చేరాను. బావ దాన్ని చేలో మంచెకు కట్టాడు. అక్క అత్తగారు గంగులమ్మ దూరంగా ఆవుల దగ్గర నిలబడి అంతా చూస్తోంది. ఆమెకు నేనన్నా, నా అంగడన్నా మొదటినుంచీ చిన్నచూపే.

"ఈ అరుపులకు ఆవులు పాలిస్తాయా అప్పా?" అంది.

"ఏనుగులు రాకుంటే సాలు గదా అత్తా," అన్నాను.

పొద్దుగుంకుతుండగా అడవిలో కొమ్మలు విరిగిన చప్పుడు వినిపించింది. ఏడు ఏనుగులు. ముందు నడిచే పెద్ద ఆడ ఏనుగు చేను గట్టు దగ్గరికి వచ్చి, తొండం ఎత్తి గాలి పీల్చింది. బావ దాన్నే చూస్తూ గట్టు మీద ఉండిపోయాడు. అక్కే మంచె ఎక్కి మీట నొక్కింది.

మొదటి డప్పు దెబ్బకు నేనే అదిరిపడ్డాను. ఆ పాట అప్పటివరకూ నా అంగడి వెనక గదిలో, పక్కవాళ్లు తిడతారని సగం గొంతుతో మాత్రమే మోగింది. ఇక్కడ ఎదురుగా కొండ ఉంది. గిటారు వెళ్లి ఆ కొండకు తగిలి రెండింతలై తిరిగివచ్చింది. అది వాయించినవాళ్లు కూడా తమ పాటను అంత గొప్పగా విని ఉండరని ఇప్పటికీ నా నమ్మకం. పెద్ద ఏనుగు చెవులు విప్పార్చి ఒక్క నిమిషం నిలబడింది. తర్వాత వెనక్కి తిరిగింది. మిగతా ఆరూ దాని వెంటే అడవిలోకి వెళ్లిపోయాయి.

ఊరంతా ఈలలు. ఎవరో నన్ను భుజాల మీదికి ఎత్తుకున్నారు. నా జన్మలో ఒక పాటకు అన్ని ఈలలు పడటం నేను చూడలేదు.

అంగడి వదిలి ఉండలేను కాబట్టి శనివారాలు మాత్రం వెళ్లేవాణ్ణి. వెళ్లిన ప్రతిసారీ ఏదో ఒక వింత. పాటలకు ఊరివాళ్లే పేర్లు పెట్టుకున్నారు. ఒకటోది పిడుగు పాట. రెండోది గుండు పాట, కళ్లంలో రాతిగుండు దొర్లినట్టు ఉంటుందని. ఆడవాళ్లు చెరుకు తోటలో కలుపు తీస్తూ గుండు పాట దెబ్బకు చేతులు ఆడించేవాళ్లు. పిల్లలు దాన్ని నోటితో వాయించేవాళ్లు. "ఐదో పాటలో ఆ గిటారాయప్ప ఊపిరి యాడ తీసుకుంటాడు మామా?" అని ఒకడు అడిగితే, వాద్యానికి ఊపిరి అక్కర్లేదని చెప్పడానికి మనసొప్పలేదు.

గంగులమ్మ మొదటి రెండు రోజులు చెవులకు కొంగు అడ్డం పెట్టుకుందట. మూడో రోజు కొంగు తీసిందట. రెండో శనివారం నేను వెళ్లేసరికి మంచె కిందే గోనెపట్టా పరుచుకుని కూర్చుని ఉంది. మూడో పాట వస్తుండగా నన్ను పిలిచింది.

"ఈయప్ప అరస్తాండ్లేదు. ఏడస్తాండాడు."

"నీకెట్లా తెలుసత్తా? అది ఇంగ్లీషు."

"ఏడుపుకు బాస ఏందప్పా? ఎవురో కావాల్సినోళ్లు పొయినారు ఆయప్పకి. అది గొంతులో ఇరుక్కోనుండాది. సక్కగా ఏడిసేకి లేక ఇట్టా అరస్తాండాడు."

మదనపల్లె వచ్చాక ఆ పాట అసలు క్యాసెట్టు అట్టలో సన్నటి అక్షరాలతో అచ్చేసిన పాటను నిఘంటువు పెట్టుకుని చదివాను. తల్లి చచ్చిపోతే కడచూపుకు అందుకోలేకపోయిన కొడుకు పాట అది. ఐదేళ్లుగా నేను దాన్ని వేళ్ల వేగం కోసం విన్నాను. అక్షరం ముక్క రాని గంగులమ్మ పది రోజుల్లో పాటను విన్నది. నాకు సిగ్గేసింది. అంతకన్నా ఎక్కువ సంతోషం వేసింది. ఆ సంతోషం ఎవరితో పంచుకోవాలో తెలియక, ఆ వేళ అంగడికి వచ్చిన ప్రతివాడికీ గంగులమ్మ సంగతి చెప్పాను.

మూడో శనివారం నేను వెళ్లేసరికి రాగి వెన్నులు ముదిరి, సోమవారం కోతకు కూలీలకు కూడా చెప్పి ఉన్నారు. అక్క ముఖంలో చాలా కాలం తర్వాత నవ్వు చూశాను. తాళం గోడకు మేకుకు వేలాడుతోంది, దాని ధర చీటీ కూడా ఊడదీయలేదు.

ఆ సాయంత్రం కూడా పాటలు ఎప్పటిలాగే మోగాయి. అడవి వైపు చప్పుడు లేదు. కోత సంబరంలో ఉన్నామేమో, ఎవరమూ పెద్దగా చూడటం లేదు. మొదటి వైపు చివరికి వచ్చి నా మెత్తని గిటారు బిట్టు మొదలైంది. దాన్ని అంత పెద్ద హారన్లో వింటూ నేను కళ్లు మూసుకున్నాను. కళ్లు తెరిచేసరికి ఏడు ఏనుగులూ చేను నడుమ ఉన్నాయి.

బావ క్యాసెట్టు తిప్పి రెండో వైపు పెట్టాడు. హారన్ను మంచె మీద నుంచి అరుస్తోంది, అవి దాని కిందే నిలబడి తింటున్నాయి. ఒకసారి నోట్లో పడిన రాగి వెన్నును ఏ పాటా లాగలేకపోయింది. కడుపు నిండాక వాటంతట అవే వెళ్లాయి.

తెల్లారాక చూస్తే సగం చేను లేదు. తిన్నది కొంత, తొక్కింది ఎక్కువ. అక్క గట్టు మీద కూర్చుని వంగిన వెన్నుల్ని ఒక్కొక్కటే చేతితో లేపి నిలబెడుతోంది. అవి నిలబడటం లేదు.

"అవిటికి అలవాటైపొయినట్టుండాదిలే," అన్నాడు బావ.

"పాటలకు గాదు," అంది గంగులమ్మ. "మూడు దినాలుగా సూస్తాండా. అరుపులున్నంతసేపూ అడివిలో సప్పుడుండదు. ఆ మెత్తని పాట వస్తానే కొమ్మలు ఇరగతాయి. రోజుకు రవ్వంత ముందుకొచ్చి సూసుకోని పోతాండాయి. నేను ఆవులేమో అనుకుంటి."

 ఇక్కడ ఎవరికీ తెలియదు, ఆ బిట్టు అక్కడ ఎందుకుందో. పాట అంటే పాటే అనుకున్నారు. నోరు మూసుకుని ఉంటే సరిపోయేది.

"అక్కా, అది నేనే పెట్టినా," అన్నాను. "టేపు మిగిలింటే ఖాళీగా ఉండకూడదని నింపినా. మా అంగట్లో అది అలవాటు. నీ చేను నేనే పోగొట్టినా."

 అక్క తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. లేచి చేను పక్కనే ఉన్న ఇంట్లోకి వెళ్లింది. మేకు మీద తాళం కదిలిన చప్పుడు బయటికి వినిపించింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోకుండా ఏడ్చాను.

గంగులమ్మ నా పక్కన కూర్చుంది. "తప్పు సేసినావు సరే. ఆ పాటొస్తే దారి ఉండాదని ఏనుగులకి తెలుసు. ఆటికి తెలుసని మనకి తెలుసు. మనకి తెలుసని ఆటికి తెలీదు గదా? ఏమే కుసుమా, ఇంటాండావా?"

అక్క గడపలోకి వచ్చింది. చేతిలో తాళం ఉంది. అత్తాకోడళ్లు ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. వాళ్లిద్దరి మధ్య ఎప్పుడూ ఏదో ఒక కీచులాట ఉండేది, కానీ ఆ చూపులో మాత్రం లేదు. అక్క తాళం తీసుకెళ్లి మళ్లీ మేకుకే తగిలించి, కొంగు బిగించి ఊళ్లోకి బయలుదేరింది.

ఆ ఆదివారం పగలంతా అక్క అరవై గడపలూ ఎక్కి దిగింది. నేను వెనకే తిరిగాను. అందరూ వస్తామన్నారు, డప్పు పలకలు వాయించే గంగప్ప తప్ప. ఆయన పెద్దమనిషి, ఊరి పలకలకు ఆయనే మొదటివాడు.

"జాతరకీ సావుకీ తప్ప పలక ఎత్తేది లేదమ్మా. అది మా కట్టుబాటు," అన్నాడు.

"సేను పోతే సావు గాదా అప్పా?" అంది అక్క.

 కాసేపటికి గంగప్ప తన ఇంటి ముందు గడ్డి మంట వేసి, చర్మం బిగియడానికి నాలుగు పలకలు కాచడం చూశాను.

పొద్దుగుంకింది. మిగిలిన సగం చేను చుట్టూ గట్ల వెనక అరవై ఇళ్లవాళ్లూ కూర్చున్నారు. స్టీలు పళ్లాలు, రేకు డబ్బాలు, పాలక్యాన్లు, పాత నాగటి కర్రులు. ఆ రోజు అరిచే పాటలు పెట్టలేదు. నేను క్యాసెట్టును చివరికి తిప్పి, నేరుగా మెత్తని బిట్టే పెట్టాను. మసక వెలుగులో ఒక్క గిటారు. అంతమంది మనుషులు ఊపిరి బిగబట్టి వింటున్నారు. చంటిపిల్లలు కూడా ఏడవలేదు. ఆ నాలుగు నిమిషాలంత మంచి కచేరీకి నేను మళ్లీ వెళ్లలేదు.

కొమ్మలు విరిగాయి. పెద్ద ఏనుగు ముందుగా గట్టు దాకా వచ్చింది. ముందుకాలు గట్టు మీద వేసింది. గిటారు అయిపోయింది. టేపు చివరికొచ్చి మిషను టక్కుమని ఆగింది. ఆ నిశ్శబ్దంలో ఏనుగుకు ఎదురుగా మా అక్క లేచి నిలబడి పళ్లెం మీద గరిటెతో కొట్టింది.

ఆ వెంటనే ఊరు మొత్తం లేచింది. గంగప్ప ఎత్తుకున్నది జాతర దెబ్బ కాదు, రెండో పాట. గుండు పాట. మూడు వారాలు విని విని అందరి చేతుల్లోకీ అదే వచ్చింది. పళ్లాలూ డబ్బాలూ కర్రులూ ఒక్క చోట తప్పకుండా పలకల వెంట పడ్డాయి. ఆడవాళ్లు ఆ గాయకుడి అరుపు అరిచారు, మగవాళ్లు గిటారును నోటితో వాయించారు. నేను చేతిలో ఏమీ లేక తొడలు చరుచుకుంటూ అరిచాను. సగం నవ్వు, సగం ఏడుపు. ఏనుగుల తోకలు అడవిలో మాయమయ్యాక కూడా ఎవరూ ఆపలేదు. పాట పూర్తయ్యేదాకా వాయించారు, ఐదో నిమిషంలో వచ్చే ఆ చివరి దెబ్బతో సహా.

ఆ యేడు అవి మళ్లీ రాలేదు. సోమవారం కోత కోశారు. సగం చేనే అయినా వెన్నులు బరువుగా ఉన్నాయి. ఇంటికి ఏడాది సంగటికి సరిపోయి కొంత మిగిలింది. బావ మేస్త్రీకి కబురు పంపాడు, రావడం లేదని.

మైకుసెట్టు వెనక్కి తీసుకెళ్లడానికి నేను చివరిసారి వెళ్లినప్పుడు కళ్లంలో రాగులు నూరుస్తున్నారు. మంచె మీద నుంచి హారన్ను విప్పుతుంటే అక్క వచ్చి తాళం నా చేతిలో పెట్టింది.

"ఇది నీ అంగిడికి యేసుకో. మా తలుపుకు పట్టలేదు," అంది.

నిజంగానే పట్టలేదో, అసలు పెట్టి చూడనే లేదో, నేను అడగలేదు. ఇప్పటికీ మా అంగడి షట్టరుకు వేసేది ఆ తాళమే.

హారన్ను దించి వైర్లు చుడుతున్నాను. గంగులమ్మ రాగుల దుమ్ముతో తెల్లబడిన జుట్టు దులుపుకుంటూ వచ్చింది. చంకలోని గోనెపట్టాను కళ్లం పక్కన పరిచి, దాని మీద కూర్చుంది.

"ఆ మూడోది పెట్టప్పా," అంది.

"ఏనుగులు ఇంగ రావు గదత్తా."

"ఏనుగులకని ఎవురు సెప్పినారు? నాకు పెట్టు."

చుట్టిన వైర్లు మళ్లీ విప్పాను. హారన్ను నేల మీదే ఆమె వైపు తిప్పి, బ్యాటరీ తగిలించాను. క్యాసెట్టు వేసి మూడో పాట దగ్గరికి తెచ్చి ఆపాను. దగ్గరగా ఉంది కదా, చెవులు నొప్పి పుడతాయేమోనని అడిగాను.

"ఎంత సౌండు పెట్టమంటావు అత్తా?"

ఆమె రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని సర్దుకుంది.

"యెంత ఉంటే అంతా పెట్టు," అంది.